సముద్రం వాళ్లకి కొత్త కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ విదేశీ వార్తల పేజీలో కింద మూలన ఒక ఫొటో వేశారు. కాలిఫోర్నియాలో శాంటా మోనికా బీచ్, మబ్బు పట్టిన ఆకాశం, ఒక పదిమంది నల్లజాతివాళ్లు సర్ఫింగ్ బోర్డులు, అంటే అలల మీద నిలబడి జారే పలకలు, పక్కన నిలబెట్టుకుని నవ్వుతున్నారు. అందులో ఎడమ నుంచి మూడో మనిషి, పసుపు రంగు స్విమ్మింగ్ టోపీ పెట్టుకున్నావిడ, నాతో పాటు పనిచేస్తుంది. పదేళ్ల స్నేహం మాది. సోమవారం పొద్దున ఫోన్‌లో ఆ పేజీ చూపిస్తే చిన్నపిల్లలా సంబరపడిపోయింది. తన ఫొటో తనకి చదవడం రాని భాషలో, తానెప్పుడూ చూడని దేశంలో అచ్చయిందని ఆఫీసంతా తిరిగి అందరికీ చూపించింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, "పైన పెద్ద అక్షరాల్లో ఏం రాశారు?" అని అడిగింది.

పైన మీరు రాసింది "నీళ్ల భయాన్ని జయించిన నల్లజాతీయులు" అని. అది చదివి చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మీ సర్ఫింగ్ పండుగ గురించే" అని ఏదో చెప్పి మాట మార్చేశాను. అప్పట్నుంచీ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

మీరు చెడ్డ ఉద్దేశంతో రాశారని నేననుకోవట్లేదు. మెచ్చుకుంటూనే రాశారు. కానీ ఆ ఒక్క లైన్‌తో కథంతా తలకిందులైపోయింది. భయం వాళ్లకి పుట్టుకతోనే ఉన్నట్టూ, ఇన్నాళ్లకి ఎలాగో కష్టపడి పోగొట్టుకున్నట్టూ ఉంది చదివితే. జరిగింది అది కాదండీ. వాళ్లని నీళ్లలోంచి తరిమేశారు. కొట్టి, చట్టాలు పెట్టి, స్థలాలు లాక్కుని, పిల్లల్ని పోగొట్టుకునేలా చేసి మరీ తరిమేశారు. ఆ రోజు నేను చూసింది, తరిమేసిన చోటికి వాళ్లు మళ్లీ రావడం.

ఆ పండుగకి ఒక పేరుంది, మీ వార్తలో అది లేదు. నిక్ గబాల్డాన్ డే అంటారు. నిక్ 1927లో పుట్టాడు, నల్లజాతి, మెక్సికన్ మూలాలు రెండూ ఉన్న కుటుంబం. చదివింది శాంటా మోనికా హైస్కూల్లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేవీలో చేశాడు. అప్పట్లో ఈ తీరమంతా ఎవరు ఎక్కడ కూర్చోవాలో పేరు పెట్టని గీతలుండేవి. బే స్ట్రీట్ అనే వీధి చివర ఉన్న కొద్దిపాటి ఇసుకలో మాత్రం నల్లజాతి కుటుంబాలు కాస్త ప్రశాంతంగా కూర్చోగలిగేవి. తెల్లవాళ్లు ఆ చోటుని వెక్కిరిస్తూ "సిరాబుడ్డి" అనేవాళ్లు. నిక్ సర్ఫింగ్ నేర్చుకుంది అక్కడే, లైఫ్‌గార్డుల దగ్గర అడిగి తీసుకున్న పదమూడు అడుగుల బోర్డు మీద. నేర్పే గురువు లేడు, క్లాసు లేదు.

మంచి అలలు మాలిబులో ఉంటాయి. శాంటా మోనికా నుంచి దాదాపు 12 మైళ్లు, అంటే 19 కిలోమీటర్ల పైమాటే. నిక్ బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ అంత దూరమూ సముద్రంలోనే వెళ్లేవాడట. ఇది చదివి ఊరుకోకండి, ఒక్కసారి ఊహించుకోండి. నేను ఆ రోజు సరదాకి బోర్డు మీద పడుకుని ఒక యాభై మీటర్లు తోసుకుని వెళ్లేసరికి భుజాలు పట్టేశాయి, రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేవలేదు. అతను అంత దూరం వెళ్లి, ఆ తర్వాత అలల మీద ఆడుకునేవాడు. 1951 జూన్‌లో మాలిబులో అలలు బాగా పెద్దవిగా వచ్చిన రోజున, ఒక అల అతన్ని అక్కడ ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన పియర్ స్తంభాల మీదికి విసిరికొట్టింది. ఇరవై నాలుగేళ్లకే పోయాడు. 2008లో బే స్ట్రీట్ దగ్గర అతని పేరున ఒక ఫలకం పెట్టారు, 2019లో ఆ బీచ్‌ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. ఇప్పుడు ఏటా అతన్ని తలుచుకుంటూ అక్కడే పిల్లలకీ పెద్దలకీ సర్ఫింగ్ ఉచితంగా నేర్పుతున్నారు.

ఇక నేను కళ్లారా చూసింది చెబుతాను. జూన్‌లో ఈ తీరం మీద పొద్దున్నంతా మబ్బు కమ్ముకునే ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఎండ రాదు. నీళ్లు చల్లగా ఉంటాయి, ఒంటికి పట్టేసే ఆ నల్ల రబ్బరు సూట్ లేకపోతే పది నిమిషాలు ఉండలేం. ముందు అనుభవం ఉన్న సర్ఫర్లు బోర్డుల మీద లోపలికి వెళ్లి గుండ్రంగా కూర్చున్నారు, నిక్ పేరు తలుచుకుని అందరూ ఒక్కసారి చేతులతో నీళ్లు పైకి చిమ్మారు. పోయినవాళ్ల కోసం సర్ఫర్లు చేసేది ఇదే. ఒడ్డున ఉన్న మేమంతా నిలబడ్డాం. ఆ తర్వాత పాఠాలు మొదలయ్యాయి.

మా స్నేహితురాలికి యాభై ఎనిమిదేళ్లు. ముందు ఇసుకలోనే బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, రెండు చేతులూ ఛాతీ పక్కన ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడటం నేర్పించారు. ఆవిడకి మోకాలు నొప్పి, ఒక్క ఊపున లేవడం కుదరదు, ముందు మోకాళ్ల మీద లేచి తర్వాత నిలబడమన్నాడు నేర్పే కుర్రాడు. బోర్డుకి రాసిన మైనం కొబ్బరి వాసన వేస్తోంది. కాలికి తాడు కట్టారు, బోర్డు జారిపోకుండా. నడుము లోతు నీళ్లలో ఆ కుర్రాడు బోర్డు వెనక అంచు పట్టుకుని, వెనక్కి తిరిగి అలల వంక చూస్తూ, ఒకటి వదిలేశాడు, రెండోది వదిలేశాడు, మూడోది విరిగి తెల్లటి నురుగై వస్తుంటే "ఇదే, ఇదే" అంటూ తోశాడు. పడింది. మళ్లీ పడింది. నాలుగుసార్లో ఐదుసార్లో పడి, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ మళ్లీ ఎక్కింది. చివరికి ఒకసారి మోకాళ్ల మీద లేచి, అక్కడ్నుంచి వంగి వంగి నిలబడింది. ఎంతసేపు? మూడు సెకన్లు ఉంటుందేమో. ఆ మూడు సెకన్లలో ఆవిడ పెట్టిన కేకకి ఒడ్డున ముక్కూ మొహం తెలియని వాళ్లంతా చప్పట్లు కొట్టారు. మీ ఫొటో తీసింది ఆ తర్వాత ఐదు నిమిషాలకి.

మరి ఆవిడకి నీళ్లంటే భయం లేదా అంటే, ఉంది. ఎందుకుందో చెప్పాలి. వాళ్లమ్మది లూసియానాలో ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో మునిసిపాలిటీ స్విమ్మింగ్ పూల్ ఉండేది, తెల్లవాళ్లకి మాత్రమే. పన్ను అందరూ కట్టేవాళ్లు, ఈత మాత్రం సగం మందికే. ఎండాకాలం వస్తే నల్లజాతి పిల్లలు ఊరి చివర వాగులో దిగేవాళ్లు, అక్కడ కాపలా ఉండదు, లోతెంతో తెలియదు, ఈత నేర్పేవాడు లేడు. వాళ్లమ్మ తమ్ముడు అలాగే పోయాడు, తొమ్మిదేళ్ల పిల్లాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో నీళ్ల మాటెత్తితే దెబ్బలే. వాళ్లమ్మ కాలిఫోర్నియా వచ్చి, సముద్రానికి అరగంట దూరంలో పిల్లల్ని పెంచింది కానీ ఒక్కసారి కూడా నీళ్లలో అడుగు పెట్టనివ్వలేదు. ఇది పిరికితనమా? తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి తన పిల్లల్ని కాపాడుకునే దారి అది. ఆ భయానికి కారణం పూల్ గేటుకి వేసిన తాళం.

ఇదొక్క ఇంటి సంగతి కాదు. 1919 జూలైలో షికాగోలో మిచిగన్ సరస్సులో యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ల కుర్రాడు స్నేహితులతో తెప్ప మీద ఆడుకుంటూ, కంటికి కనపడని ఒక గీత దాటి తెల్లవాళ్ల వైపు కొట్టుకుపోయాడు. రాళ్లతో కొట్టారు, మునిగి చనిపోయాడు. పోలీసు అక్కడే ఉండి కూడా కొట్టినవాణ్ని అరెస్టు చెయ్యలేదు. ఆ తర్వాత వారం పాటు జరిగిన అల్లర్లలో 38 మంది పోయారు. మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ అనే చోట 26 మైళ్ల పొడవున బీచ్ ఉంది, అప్పట్లో అది తెల్లవాళ్లకి మాత్రమే. గిల్బర్ట్ మేసన్ అనే నల్లజాతి డాక్టర్ 1959లో మరికొందరిని వెంటబెట్టుకుని అందులో దిగాడు, దిగడమే ఉద్యమం. 1960 ఏప్రిల్లో మళ్లీ దిగితే కర్రలతో, గొలుసులతో మూక వచ్చి పడింది. ఆ బీచ్ అందరిదీ అని కోర్టు తేల్చేసరికి 1968 వచ్చింది. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్‌లో 1964 జూన్‌లో నల్లజాతివాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఒక హోటల్ పూల్‌లో దిగితే మేనేజర్ ఆ నీళ్లలో యాసిడ్ పోశాడు. ఆ ఫొటోలు లోకమంతా చూసింది.

తాళాలు తియ్యమని కోర్టులు చెప్పాక ఏం చేశారో తెలుసా? చాలా ఊళ్లలో పూల్స్ మూసేశారు. మిసిసిపీ రాజధాని జాక్సన్ అదే చేసింది, నల్లవాళ్లతో కలిసి ఈదడం కంటే ఎవరూ ఈదకపోవడం నయమని. దాని మీద కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్తే, 1971లో ఐదుగురు జడ్జీలు సరేనన్నారు, నలుగురు కాదన్నారు. అంతే, మూసేసినవి మూసేసినట్టే ఉండిపోయాయి.

కాలిఫోర్నియా ఏమీ పుణ్యభూమి కాదు. శాంటా మోనికాకి దక్షిణాన మాన్‌హాటన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి ఆవిడ 1912లో సముద్రం పక్కన స్థలం కొంది, భర్త చార్లెస్‌తో కలిసి నల్లజాతివాళ్ల కోసం చిన్న రిసార్ట్ నడిపింది. బట్టలు మార్చుకోవడానికి గదులు, తినడానికి తిండి, డాన్స్ చెయ్యడానికి హాలు. ఇరుగుపొరుగు తెల్లవాళ్లు ఓర్వలేకపోయారు, వేధింపులు మొదలయ్యాయి. 1924లో ఊరి పాలకులు పార్కు కడతామని ఆ స్థలం లాక్కున్నారు. పార్కు కట్టలేదు, దశాబ్దాల పాటు ఊరికే పడి ఉంది. 2022లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆ భూమిని వాళ్ల వారసులకి తిరిగి ఇచ్చింది. మరుసటి ఏడాది వాళ్లు దాన్ని కౌంటీకే సుమారు 2 కోట్ల డాలర్లకి అమ్ముకున్నారు. మధ్యలో పోయిన తొంభై ఎనిమిది వేసవుల లెక్క ఎవరు కట్టగలరు?

మీ వార్త మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పెట్టారు. కింద ఒకాయన, బాగా చదువుకున్నాయనే, "వాళ్ల ఎముకలు బరువు కదా, నీళ్లలో తేలరు" అని రాశాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. 1987లో డాడ్జర్స్ బేస్‌బాల్ టీమ్ జనరల్ మేనేజర్ అల్ కాంపానిస్ టీవీలో ఇదే కూత కూశాడు, వాళ్లకి నీళ్లలో తేలే గుణం లేదని. ఆ వారంలోనే ఉద్యోగం పోయింది. మరి 2016 రియో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఫ్రీస్టయిల్ ఈతలో స్వర్ణం గెలిచిన నల్లజాతి అమ్మాయి సిమోన్ మాన్యుయెల్ ఎముకలు ఏమయ్యాయండీ? అంతెందుకు, మెలికలు తిప్పకుండా పాత చరిత్రే చూద్దాం. సర్ఫింగ్ అంటే హవాయి అనుకుంటాం, నిజమే, వాళ్ల విద్య చాలా గొప్పది. కానీ 1640లలోనే ఇప్పటి ఘానా తీరంలో పిల్లలు పలకలు కట్టుకుని అలల మీద తేలడం చూశానని మైకేల్ హెమ్మర్సామ్ అనే జర్మన్ యాత్రికుడు రాసి పెట్టాడు. కెవిన్ డాసన్ అనే చరిత్రకారుడు ఇలాంటి రాతలెన్నో వెతికి బయటికి తెచ్చాడు. పశ్చిమాఫ్రికా తీరం వాళ్లు ఈతగాళ్లు, పడవ నడిపేవాళ్లు, అలల మీద ఆడుకునేవాళ్లు. అక్కడ్నుంచి మనుషుల్ని గొలుసులేసి ఓడల్లో తెచ్చి, మూడు వందల ఏళ్ల తర్వాత వాళ్ల మనవలకి "మీకు నీళ్లు పడవు" అని చెప్పడం కంటే అన్యాయం ఏముంటుంది?

తరిమేసినదాని ఫలితం ఇప్పటికీ ఉంది. 2017లో యూఎస్ఏ స్విమ్మింగ్ ఫౌండేషన్ బయటపెట్టిన లెక్క ప్రకారం అమెరికాలో నల్లజాతి పిల్లల్లో 64 శాతం మందికి ఈత రాదు, లేదా చాలా కొద్దిగా వచ్చు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు నల్లజాతి పిల్లలు స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లజాతి పిల్లల కంటే 7.6 రెట్లు ఎక్కువని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అందుకే ఈ పండుగని సరదా కింద తీసిపారెయ్యలేను. బోర్డు మీద మూడు సెకన్లు నిలబడిన మనిషి తన మనవణ్ని ఈత క్లాసులో చేరుస్తుంది. మా స్నేహితురాలు ఆ మరుసటి వారమే చేర్చింది.

ఆ వాట్సాప్ గ్రూప్‌లోనే ఇంకొకావిడ అడిగింది, వాళ్లకంటూ ప్రత్యేకంగా ఒక రోజెందుకు, అది మాత్రం వివక్ష కాదా అని. మంచి ప్రశ్నే, కోపం లేకుండా జవాబు చెప్పాను. నేను నల్లజాతి మనిషిని కాదు, నన్నెవరూ గేటు దగ్గర ఆపలేదు, మంచినీళ్ల బాటిల్ ఇచ్చి కుర్చీ వేశారు. ప్రత్యేకంగా ఎందుకంటే, మామూలు రోజున సర్ఫింగ్ చోటుకి కొత్తవాళ్లు వెళ్తే, ఎప్పట్నుంచో అక్కడుండేవాళ్లు "ఇది మా చోటు" అన్నట్టు చూస్తారు, కొన్నిచోట్ల అరుస్తారు కూడా. తెల్లవాళ్లకే అది ఇబ్బంది, ఇక వందమందిలో ఒక్కరే నల్లజాతి మనిషైతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఖర్చు కూడా తక్కువేం కాదు, బోర్డు, సూట్, పాఠం అన్నీ కలిస్తే ఒక్కరోజుకే వంద డాలర్లు దాటుతుంది. అదీకాక చుట్టూ తనలాంటి వాళ్లే ఉన్నప్పుడు పడినా సిగ్గుండదు. మా స్నేహితురాలు అన్నమాట ఇదే, "ఇక్కడ నేను పడితే నేను మాత్రమే పడ్డాను, మా జాతి మొత్తం పడలేదు."

ఆ పసుపు టోపీ సంగతి కూడా చెప్పాలి. ఆవిడకి నడుము దాకా సన్నటి జడలు, మామూలు స్విమ్మింగ్ టోపీలో పట్టవు. ఉప్పు నీళ్లు తగిలితే ఆ జుట్టు మళ్లీ దారికి రావడానికి ఒక రోజంతా పడుతుంది, అందుకని చాలామంది ఆడపిల్లలు అసలు నీళ్లలోకే దిగరు. అలాంటి జుట్టు కోసమే సోల్ క్యాప్ అనే పెద్ద టోపీ వస్తే, 2021లో టోక్యో ఒలింపిక్స్ ముందు అంతర్జాతీయ ఈత సమాఖ్య దానికి ఒప్పుకోలేదు. తల సహజ ఆకారానికి సరిపోదని కారణం చెప్పారు. ఎవరి తల? ఎవరి సహజం? గొడవయ్యాక 2022లో ఒప్పుకున్నారు. మీ ఫొటోలో అందరికంటే ముందు కంటికి కనిపించేది ఆ టోపీయే, దాని వెనక ఇంత ఉంది.

ఇంకొక్క మాట, మనవాళ్ల కోసం. మనలాంటివాళ్లం ఈ దేశానికి ఇంతమంది రాగలిగామంటే 1965లో వలస చట్టం మారబట్టి. అది మారింది నల్లజాతివాళ్లు దెబ్బలు తిని తెచ్చుకున్న 1964 పౌరహక్కుల చట్టం ఊపులోనే. నేను ఆ బీచ్‌లో పిల్లాణ్ని తీసుకుని ఏ టెన్షనూ లేకుండా కూర్చుంటున్నాను, నన్నెవరూ లేవమనట్లేదు. బిలాక్సీలో గొలుసుల దెబ్బలు తిన్నవాళ్ల పుణ్యం అందులో ఉంది. వాళ్ల గురించి మనం రాసేటప్పుడు ఒక్క మాట అయినా ఆచితూచి వాడాలని నా కోరిక.

కాబట్టి సంపాదకులు గారూ, క్షమాపణ అడగడం లేదు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో, ఆ ఫొటో మళ్లీ వెయ్యండి. నిక్ గబాల్డాన్ పేరు రాయండి, బే స్ట్రీట్ పేరు రాయండి, "జయించిన" తీసేసి "తిరిగి వచ్చిన" అని పెట్టండి. మా స్నేహితురాలు ఆ పేజీ ప్రింట్ తీయించి వాళ్లమ్మకి ఇస్తానంటోంది, ఆ పెద్దావిడకి ఎనభై ఒకటి. పైన ఏం రాశారో ఆవిడకి చదివి చెప్పాల్సింది నేనే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
లాస్ ఏంజెలెస్